తేలికైన టెలిఫోటో ఎంపిక: మణికట్టు నొప్పితో వచ్చిన ఒక వన్యప్రాణి ఫొటోగ్రాఫర్ కేసు

నేపథ్యం

వన్యప్రాణి ఫొటోగ్రఫీ నేర్పడం, పరికరాల ఎంపికలో సలహా ఇవ్వడం నా వృత్తి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: అన్నిటికన్నా తేలికైన పెద్ద లెన్స్ ఏది? బరువుల పట్టిక ముందు పెట్టుకుంటే ఒక్క నిమిషంలో జవాబు చెప్పవచ్చు. అలా చెప్పే జవాబు ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో ఈ కేసులో బాగా తెలిసింది కాబట్టి దీన్ని రాసిపెడుతున్నాను. సంబంధిత వ్యక్తి అనుమతి తీసుకున్నాను. ఆమె ఎవరో, ఎక్కడ ఫొటోలు తీస్తారో తెలిసే వివరాలన్నీ వదిలేశాను. పరికరాల కొలతలూ, మేం తీసుకున్న నిర్ణయాల వరుసా మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఆమెకు యాభై ఏళ్లు దాటాయి. చాలాకాలంగా పక్షులను, వీలు చిక్కినప్పుడు జింకలను, నక్కలను ఫొటో తీస్తున్నారు. వాహనంలో కూర్చుని తీయడం తక్కువ. వెలుతురు రాకముందే బయలుదేరి, నడుస్తూ, ఆగుతూ, ఎండ ఎక్కేదాకా కెమెరా చేతిలో పట్టుకునే తిరుగుతారు. కెమెరా నికాన్ డి500. దాని సెన్సర్ వెడల్పు 23.5 మి.మీ., పిక్సెళ్లు 2 కోట్ల పైచిలుకు, బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు 860 గ్రాములు. దానికి తగిలించిన లెన్స్ 200–500 మి.మీ. ఎఫ్/5.6 జూమ్, ట్రైపాడ్‌కు బిగించే పట్టీ (కాలర్)తో 2,300 గ్రాములు. మి.మీ.లో చెప్పేది ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరాన ఉన్నది పెద్దగా కనిపిస్తుంది; ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ సెన్సర్ మీద పడే వెలుతురు పెరుగుతుంది. అంటే చేతిలో ఉన్నది 3,160 గ్రాములు. ఇవి కాక భుజాన ట్రైపాడ్, దాని మీద బరువైన లెన్స్‌ను తేలిగ్గా తిప్పనిచ్చే గింబల్ హెడ్.

వచ్చిన సమస్య

ఆమె రెండు ఫిర్యాదులతో వచ్చారు. మొదటిది ఎడమ మణికట్టులో, బొటనవేలి మొదలు దగ్గర నొప్పి. వైద్యుడు పరీక్షించి, బొటనవేలిని కదిలించే స్నాయుబంధనాల తొడుగు వాచిందని చెప్పి, ఫిజియోథెరపీ మొదలుపెట్టించారు. రెండవది, ఏడాదిగా పదునైన ఫొటోల సంఖ్య తగ్గిపోతోందన్న బాధ. ఈ రెండింటికీ కారణం లెన్స్ బరువేనని ఆమె అప్పటికే నిర్ణయించుకున్నారు. కిలో లోపు బరువున్న లెన్సుల జాబితా రాసుకుని, అందులో ఏది కొనాలో చెప్పమని అడిగారు.

ఆ జాబితాను నేను వెంటనే తెరవలేదు. నొప్పీ ఫొటోల మసకా ఒకే కారణంతో వచ్చాయని నమ్మడానికి అప్పటికి ఆధారమేమీ లేదు. రెండూ వేరువేరు కారణాలతో వచ్చి ఉంటే, ఒకదాన్ని తీర్చే లెన్స్ రెండవదాన్ని పెంచవచ్చు. అందుచేత ముందుగా ఆమె గత సీజన్ ఫొటోలన్నీ, పారేయాలనుకున్నవాటితో సహా, తెమ్మని అడిగాను. ఎంచి దాచుకున్న మంచి ఫొటోలు ఇలాంటి పనికి ఉపయోగపడవు. చెడిపోయిన ఫొటో ఎలా చెడిపోయిందో చూస్తేనే జబ్బేమిటో తెలుస్తుంది.

ఫొటోల్లో కనిపించినది

ప్రతి ఫొటోతోపాటు కెమెరా రాసిపెట్టే సమాచారంలో ఫోకల్ లెంగ్త్, షట్టర్ వేగం, ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచుకునే కెమెరా సున్నితత్వం), తీసిన సమయం ఉంటాయి. వాటిని సమయం వారీగా పేర్చి చూశాం. అత్యధిక భాగం 500 మి.మీ. దగ్గరే తీసినవి. ఇది చూసి జూమ్ అవసరమే లేదనుకోవడం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే 500 దగ్గర తీసినంత మాత్రాన 500 సరిపోయిందని కాదు, అంతకన్నా పొడవు లేక అక్కడ ఆగి ఉండవచ్చు. ఆమె దాచుకున్న ఫొటోల్లో చాలావాటిని బాగా క్రాప్ చేశారు (అంచులు కత్తిరించారు) కాబట్టి రెండవదే నిజమనిపించింది. కాబట్టి 500 కన్నా తక్కువకు దిగే ఏ ప్రతిపాదననైనా అనుమానంతోనే చూడాలని అప్పుడే రాసుకున్నాను.

మసకబారిన ఫొటోలను మూడు రకాలుగా విడదీశాం. ఫ్రేమ్ అంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. తల పదునుగా ఉండి రెక్కలు మాత్రమే అలుక్కుపోయి ఉంటే పక్షి కదిలింది, షట్టర్ వేగం చాల్లేదు. పక్షి మసకగా ఉండి దాని వెనక కొమ్మ పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. తెల్లవారగానే తీసిన ఫొటోల్లో రెండవ రకం ఎక్కువ; వెలుతురు చాలక సెకనులో 500వ వంతు దగ్గర, ఐఎస్ఓ 3200తో తీసినవి అవి. గంటలు గడిచేకొద్దీ మొదటి రకం పెరిగింది, పక్షి తోకో రెక్కో ఫ్రేమ్ బయటికి పోయినవి కూడా పెరిగాయి. చెయ్యి అలసిపోతోందనడానికి ఇది నమ్మదగిన గుర్తు.

వీటిలో ఏ రకానికీ చెందని ఫొటోలు మరికొన్ని ఉన్నాయి. ఎండ ఎక్కాక, నేల మీదుగా దూరాన ఉన్న జంతువులను తీసినవి. షట్టర్ వేగం బాగానే ఉంది, ఫోకస్ సరైన చోటే ఉంది, అయినా అంచులు కరిగినట్టున్నాయి. వేడెక్కిన నేల మీద గాలి పొరలు కదలడం వల్ల వచ్చే మసక ఇది. దీన్ని ఏ లెన్సూ తీర్చలేదు. ఫోకల్ లెంగ్త్ పెంచితే ఆ అలలు కూడా పెద్దవవుతాయి తప్ప పదును పెరగదు. ఈ ఫొటోలను లెక్కలోంచి తీసేయమన్నప్పుడు ఆమె కొంచెం నిరాశపడ్డారు, కానీ వాటిని ఉంచి ఉంటే లేని లోపానికి మందు వెతికేవాళ్లం.

బరువు ఎక్కడి నుంచి వస్తుంది

లెన్సుల పేర్లలోకి వెళ్లేముందు ఒక విషయం ఆమెకు వివరించాను. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వచ్చేది లెన్స్ వెలుతురును లోపలికి తీసుకునే ద్వారం వ్యాసం. 500 మి.మీ. ఎఫ్/5.6 అంటే సుమారు 89 మి.మీ.; 600 మి.మీ. ఎఫ్/4 అంటే 150 మి.మీ.; 300 మి.మీ. ఎఫ్/4 అంటే 75 మి.మీ.; 600 మి.మీ. ఎఫ్/11 అంటే 55 మి.మీ. లోపే. టెలిఫోటోల్లో ముందు గాజు ఇంతకన్నా చిన్నదిగా ఉండటానికి వీల్లేదు. వ్యాసం పెరిగేకొద్దీ గాజు మందమూ పెరగాలి కాబట్టి దాని బరువు వ్యాసం కన్నా చాలా వేగంగా, దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది. మరోపక్క, ఒకే దూరంలో ఉన్న ఒకే పక్షి నుంచి లెన్స్ పోగుచేసే వెలుతురు ఈ ద్వారం వైశాల్యాన్ని బట్టే ఉంటుంది. కాబట్టి ఏ లెన్స్ అయినా ఇంకోదానికన్నా తేలికగా ఉందంటే, తయారుచేసినవాళ్లు ఏదో ఒకటి వదులుకున్నారని అర్థం: వ్యాసమైనా తగ్గించారు, జూమ్ అయినా తీసేశారు, సెన్సర్ అయినా చిన్నది పెట్టారు, లేదా గాజు తీరునే మార్చారు. తేలికైన లెన్స్ ఎంచుకోవడమంటే ఈ నాలుగింటిలో ఏది పోయినా తనకు ఫరవాలేదో తేల్చుకోవడం.

త్రాసు మీది బరువూ చేతికి తెలిసే బరువూ ఒకటి కాకపోవడం ఇంకో సంగతి. నీళ్ల బకెట్‌ను ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే ఉంది. ఆమె జూమ్ 500 దగ్గరికి తిప్పినప్పుడు గొట్టం ముందుకు సాగి, బరువైన ముందు గాజు శరీరానికి మరింత దూరం జరిగేది. తన ఫొటోలు ఎక్కువగా 500 దగ్గరే తీస్తున్నారంటే, ఆ లెన్స్‌ను దాని అతి కష్టమైన స్థితిలోనే నిరంతరం మోస్తున్నారని అర్థం.

మొదట ప్రయత్నించినవి

కొత్తది ఏదీ కొనకుండా ఉన్నదానితోనే ఎంతవరకు నడుస్తుందో చూడడం నా అలవాటు. ట్రైపాడ్ బదులు ఒంటికాలి మోనోపాడ్ వాడమన్నాను. కెమెరా బెల్టును కెమెరా బాడీకి కాకుండా లెన్స్ కాలర్ కింది పాదానికి తగిలించి అడ్డంగా వేసుకోమన్నాను. ఫొటోకూ ఫొటోకూ మధ్య కెమెరాను కంటి దగ్గరే ఉంచి ఎదురుచూసే అలవాటు మానమన్నాను. హైడ్‌లో (పక్షులకు కనబడకుండా కూర్చునే మరుగులో) కూర్చున్న రోజుల్లో మోనోపాడ్ బాగా పనిచేసింది. నడిచే రోజుల్లో మాత్రం అది అడ్డమైంది. పక్షి ఎగిరే దిశ ముందుగా తెలియదు, మోనోపాడ్ పైకెత్తి తిప్పేసరికి పక్షి వెళ్లిపోయేది. చివరికి మోనోపాడ్‌తో సహా లెన్స్‌ను గాల్లోకి ఎత్తి తీయడం మొదలుపెట్టారు, దాంతో బరువు తగ్గాల్సింది పోయి పెరిగింది.

ఈ దశలోనే, ఆమె తీస్తుండగా పక్కన నిలబడి ఎడమ చేతిని గమనించాను. కేసు మలుపు తిరిగింది ఇక్కడే. ఆమె లెన్స్ బరువును అరచేతిలో నిలపడం లేదు. జూమ్ రింగు ఎప్పుడూ చేతికి అందుబాటులో ఉండాలని బొటనవేలూ చూపుడువేలూ దాని చుట్టూ బిగించి, ఆ రెండు వేళ్ల మధ్యే బరువు మోస్తూ, అదే పట్టుతో రింగు తిప్పుతున్నారు. పక్షిని 200 దగ్గర వెతికి పట్టుకోవడం, వెంటనే 500కు తిప్పడం, తప్పిపోతే మళ్లీ వెనక్కి రావడం. ఒక్కో పక్షికి ఈ తిప్పుడు పదేపదే జరిగేది. బరువు మోస్తూ మణికట్టును మెలితిప్పడం వాచిన చోటును నేరుగా నొక్కుతుందని ఆమె ఫిజియోథెరపిస్టు కూడా చెప్పారు. అప్పటిదాకా మేమందరం గ్రాముల గురించే మాట్లాడుతున్నాం, చేతి కదలిక గురించి ఎవరం అడగలేదు.

ఇది ఊహ కాదని తేల్చుకోవాలంటే, బరువు తగ్గించి తిప్పుడును అలాగే ఉంచే లెన్స్ ఒకటి కావాలి. పరిచయస్తుల దగ్గర 80–400 మి.మీ. జూమ్ ఉంది, బరువు 1,570 గ్రాములు. ఆమె పాత లెన్స్ కన్నా ఇది 730 గ్రాములు తక్కువ. దాన్ని కొంతకాలం వాడించాం. భుజం తేలికపడింది, చివరి గంటల్లో ఫ్రేమ్ తప్పడం తగ్గింది, కానీ మణికట్టు నొప్పి దాదాపు అలాగే ఉంది. పైగా 400 దగ్గర ఆగిపోవడం వల్ల క్రాప్ పెరిగింది. ఎంపికగా చూస్తే ఈ ప్రయత్నం విఫలమే. పరీక్షగా చూస్తే మాత్రం ఇంత ఉపయోగపడినది ఇంకొకటి లేదు: అలసటకు కారణం బరువు, నొప్పికి కారణం తిప్పుడు. రెండూ వేరు.

దీంతో జూమ్‌లన్నిటినీ పక్కన పెట్టాం. వెతకాల్సింది ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్నది.

కిలో లోపు లెన్స్ ఎందుకు సరిపోలేదు

ఆమె జాబితాలో మొదటిది నికాన్ 300 మి.మీ. ఎఫ్/4 పి.ఎఫ్., 2015లో వచ్చినది, 755 గ్రాములు. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచే 190 గ్రాముల 1.4 రెట్ల టెలీకన్వర్టర్ తగిలిస్తే 420 మి.మీ. ఎఫ్/5.6 అవుతుంది, రెండూ కలిపి 945 గ్రాములే. బరువు ఒక్కటే ప్రమాణమైతే కేసు ఇక్కడే ముగిసేది. అద్దెకు తెచ్చి వాడారు. మణికట్టు హాయిగా ఉంది. కెమెరా మెడలో ఉన్నట్టే తెలియడం లేదన్నారు.

ఫొటోలు మాత్రం అంత హాయిగా లేవు. లెక్క ఇలా ఉంది: చిన్న లకుముకి పిట్ట పొడవు సుమారు 16 సెం.మీ. అది 30 మీటర్ల దూరంలో ఉంటే, ఆమె కెమెరాలో 500 మి.మీ. లెన్స్‌తో పిట్ట పొడవునా దాదాపు 630 పిక్సెళ్లు పడతాయి. 420తో దాదాపు 530. పొడవులో తేడా చిన్నదిగానే కనిపించినా, వైశాల్యంలో చూస్తే పిట్ట మీద పడే పిక్సెళ్లు 500తో 40 శాతం పైగా ఎక్కువ. రెండూ ఎఫ్/5.6 కాబట్టి పిట్ట నుంచి పోగయ్యే వెలుతురు కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ. తెల్లవారుజామున ఐఎస్ఓ 3200 దగ్గర తీసి, తర్వాత క్రాప్ చేసే మనిషికి ఈ తేడా ఈకల వివరాల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అయినా ఈ లెన్స్‌ను వద్దనడానికి నాకు అసలైన కారణం పిక్సెళ్లు కాదు. 420తో పాత పరిమాణం రావాలంటే 30 మీటర్ల చోట 25 మీటర్లకు వెళ్లాలి. ఆమె తెలియకుండానే ఆ అయిదు మీటర్లూ ముందుకు జరగడం మొదలుపెట్టారు. వంగి, నెమ్మదిగా, ఎంతో జాగ్రత్తగానే జరిగేవారు, కానీ పక్షులు ఎగిరిపోయేవి. కొంగలు మేత మానేసి మెడలు నిక్కించి చూసేవి. ఈ తరహా లెన్సుల సమీక్షల్లో ఈ నష్టాన్ని ఎవరూ లెక్కించరు. లెన్స్ పొడవు తగ్గితే ఆ లోటును ఎవరో ఒకరు భరించాలి, గూడు కట్టే కాలంలో అది పక్షి భరించవలసి వస్తే ఆ లెన్స్ ఎంత తేలికైనా నేను సిఫారసు చేయను.

మరో చిన్న విషయం కూడా బయటపడింది. మరీ తేలికైన జత గాలికీ, షట్టర్ బటన్ నొక్కే వేలి కదలికకూ సులభంగా చలిస్తుంది. కొంత బరువు ఉంటే చేతి సన్నని వణుకును అదే అణచిపెడుతుంది. లెన్స్‌లోని కుదుపు నివారణ ఈ లోటును చాలావరకు పూడుస్తుంది కాబట్టి దీన్ని పెద్ద లోపంగా రాసుకోలేదు.

కాగితం మీదే వదిలేసినవి

రెండు దారులను ప్రయత్నించకుండానే పక్కన పెట్టాం. ఒకటి ఎఫ్/11 ప్రైమ్‌లు. 2020లో కెనాన్ తెచ్చిన 600 మి.మీ. ఎఫ్/11 బరువు 930 గ్రాములే. ఎండ బాగా ఉన్నచోట, పగటిపూట తీసేవాళ్లకు దానితో వచ్చే ఇబ్బంది తక్కువ. ఆమె మాత్రం ఎక్కువ భాగం తీసేది సూర్యోదయానికి అటూ ఇటూ. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/11కు రెండు స్టాపుల దూరం, అంటే వెలుతురు నాలుగో వంతే. ఐఎస్ఓ 3200 వాడినచోట 12800 వాడాలి, లేదా ఇప్పటికే చాలని షట్టర్ వేగాన్ని నాలుగో వంతుకు తగ్గించాలి. ఆమె ఉదయపు ఫొటోల్లో ఎక్కువగా కనిపించిన లోపం రెక్కల మసకే అయినప్పుడు ఈ దారి దాన్ని పెంచుతుంది. కెమెరా వ్యవస్థ మొత్తం మార్చాల్సి రావడం అదనపు భారం.

రెండవది చిన్న సెన్సర్ కెమెరాలు. ఒలింపస్ 300 మి.మీ. ఎఫ్/4, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెక్కలో 600 మి.మీ. దృశ్యకోణాన్ని ఇస్తుంది, కాలర్‌తో 1,475 గ్రాములు. ద్వారం వ్యాసం 75 మి.మీ. ఇది నిజంగా ఆలోచించదగ్గ దారే, మొదటిసారి కెమెరా కొనేవాళ్లకైతే తప్పక పరిశీలించమంటాను. ఆమె విషయంలో మాత్రం అప్పటికి మా చూపులో ఉన్న 500 మి.మీ. లెన్స్ బరువూ ఇంచుమించు అంతే. కెమెరా బాడీలో తగ్గే గ్రాముల కోసం, ఏళ్లుగా వేళ్లకు అలవాటైన బటన్లన్నిటినీ వదులుకోవడం ఆమెకు లాభసాటి కాదనిపించింది.

పనిచేసినది

మిగిలింది నికాన్ 500 మి.మీ. ఎఫ్/5.6 పి.ఎఫ్., 2018లో వచ్చినది, 1,460 గ్రాములు. పేరులోని పి.ఎఫ్. అంటే ఫేజ్ ఫ్రెనెల్. మామూలు గాజు కటకం నీలి కాంతిని ఎర్ర కాంతి కన్నా ఎక్కువగా వంచుతుంది, అందుకే రంగు అంచులు ఏర్పడతాయి, వాటిని సరిచేయడానికి మరిన్ని గాజులు పెట్టాలి. అతి సన్నని వలయాలు చెక్కిన వివర్తన కటకం దీనికి విరుద్ధంగా ఎర్ర కాంతిని ఎక్కువగా వంచుతుంది. రెండింటినీ జత చేస్తే ఒకదాని లోపాన్ని మరొకటి కొట్టేస్తుంది, గాజులు తగ్గుతాయి, గొట్టం పొట్టిదవుతుంది. కెనాన్ ఇదే సూత్రాన్ని డి.ఓ. అనే పేరుతో 2001లోనే 400 మి.మీ. ఎఫ్/4 లెన్స్‌లో వాడింది. ముందు గాజు వ్యాసం తగ్గించకుండా బరువు తగ్గించే మార్గం ఇది కాబట్టి, ఆమె వదులుకోలేని వెలుతురు ఆమెకే మిగిలింది. వదులుకున్నది జూమ్ మాత్రమే, అది పోవడం ఆమె మణికట్టుకు మంచిదే.

అయినా కొనేముందు అద్దెకు తెచ్చుకోమన్నాను. ఆమెకు ఈ వాయిదా నచ్చలేదు, కాని నేను పట్టుబట్టాను. 80–400 జూమ్ 1,570 గ్రాములు, ఇది 1,460. ఇంచుమించు ఒకే బరువు, రెండింటికీ తేడా తిప్పుడు ఒక్కటే. నొప్పికి కారణం తిప్పుడేనన్న నా అనుమానం నిజమైతే ఇప్పుడు నొప్పి తగ్గాలి. తగ్గకపోతే నా తర్కమే తప్పు, ఈ లెన్స్ కొనడం వృథా. అద్దె కాలంలో ఎడమ అరచేతిని లెన్స్ అడుగున చాచి, బొటనవేలిని వదులుగా ఉంచి పట్టుకోవడం నేర్పాను. నొప్పి స్పష్టంగా తగ్గింది. ఫిజియోథెరపీ కూడా అప్పుడే సాగుతోంది కనుక మొత్తం ఘనత లెన్స్‌కు ఇవ్వలేను. అయితే అదే ఫిజియోథెరపీ సాగుతుండగానే జూమ్‌తో నొప్పి తగ్గలేదన్నది కూడా నిజం.

వెనకవెలుగు పరీక్ష తప్పనిసరిగా చేయించాను. సూర్యుడు గానీ, బలమైన దీపం గానీ ఫ్రేమ్‌లోనో దాని అంచుకు దగ్గరలోనో ఉన్నప్పుడు వివర్తన కటకాల్లో ఆ వెలుగు చుట్టూ వలయాకారపు మెరుపు కనిపించవచ్చు. సూర్యోదయాన్ని వెనక పెట్టుకుని కొంగల నీడబొమ్మలు తీయడమే ఎవరి ప్రధాన వ్యాపకమో వారికి ఈ లెన్స్ ఇవ్వడానికి నేను వెనకాడతాను. ఆమెకు అలాంటి ఫొటోలు తక్కువ, తీసినప్పుడు కూడా సూర్యుణ్ని ఫ్రేమ్ బయటే ఉంచుతారు.

కొత్త లెన్స్‌తో వచ్చిన నిజమైన కష్టం పక్షిని ఫ్రేమ్‌లోకి తెచ్చుకోవడం. ఆమె కెమెరాలో 500 మి.మీ. దృశ్యకోణం అడ్డంగా 2.7 డిగ్రీలు మాత్రమే, 200 దగ్గర అది 6.7 డిగ్రీలు. ఇన్నాళ్లూ విశాలంగా వెతికి తర్వాత దగ్గరికి లాక్కునే పద్ధతికి అలవాటుపడినవారికి ఆ విశాలమైన కిటికీ ఒక్కసారిగా మూసుకుపోయింది. మొదట్లో ఎగిరే పక్షులన్నీ తప్పిపోయాయి, లెన్స్ వెనక్కి ఇచ్చేద్దామా అన్నంత విసుగు వచ్చింది. సాధన ఇలా మొదలుపెట్టాం: పక్షి మీది నుంచి చూపు మరల్చకుండా, తల కదపకుండా, కెమెరానే కంటి దగ్గరికి తెచ్చుకోవాలి, పక్షి వచ్చే అవకాశమున్న దూరంలోని చెట్టు మీద ముందుగానే ఫోకస్ నిలిపి ఉంచుకోవాలి, దగ్గరి దూరాలను వదిలేసే ఫోకస్ స్విచ్‌ను వేసి ఉంచాలి. ముందుగానే ఫోకస్ నిలపడం అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. ఫోకస్ పూర్తిగా తప్పి ఉన్నప్పుడు వ్యూఫైండర్‌లో పక్షి ఉన్నా కనిపించదు, లేదనుకుని కెమెరాను పక్కకు తిప్పేస్తాం. కెమెరా మీద అమర్చే ఎర్రచుక్క సైట్‌ను కూడా చూశాం. ఆమెకు అది కుదరలేదు, పట్టుబట్టలేదు.

కెమెరా అద్దం ఉన్న డి.ఎస్.ఎల్.ఆర్. కాబట్టి లెన్స్‌కూ ఫోకస్ సెన్సర్‌కూ మధ్య ఉండే స్వల్ప తేడాను కెమెరా మెనూలో సరిచేశాం. టెలీకన్వర్టర్ తగిలించి 700 మి.మీ. ఎఫ్/8గా కూడా వాడి చూశాం. ఆ కెమెరాలో 153 ఫోకస్ పాయింట్లు ఉన్నా ఎఫ్/8 దగ్గర పనిచేసేవి 15 మాత్రమే. కదలకుండా కూర్చున్న పక్షికి, మంచి వెలుతురులో పనికొచ్చింది. ఉదయం వేళ సంచిలోనే ఉంచమన్నాను.

ఫలితం

లెన్స్‌లో తగ్గింది 840 గ్రాములు. అసలైన తేలిక మాత్రం వేరే చోటి నుంచి వచ్చింది. ఈ లెన్స్‌ను చేత్తోనే నిలకడగా పట్టుకోగలుగుతున్నారు కాబట్టి ట్రైపాడ్, గింబల్ హెడ్ ఇంట్లోనే ఉండిపోయాయి. ఆ రెండింటి బరువు లెన్స్‌లో తగ్గినదానికి కొన్ని రెట్లు. లెన్సుల బరువులు పోల్చి చూసేవాళ్లు ఈ వరుసను తరచుగా మరిచిపోతారు. ఏ లెన్స్ తీసుకుంటే దాని వెంట ఇంకేం మోయాలి, ఏం మోయనక్కర్లేదు అన్నది కూడా ఆ లెన్స్ బరువులో భాగమే.

తర్వాతి సీజన్ ఫొటోలను మొదటి పద్ధతిలోనే సమయం వారీగా పేర్చి చూశాం. చివరి గంటల్లో చెయ్యి కదిలిన ఫొటోలు ఉదయపు ఫొటోలతో సమానంగా ఉన్నాయి, అంటే అలసట గుర్తు పోయింది. తెల్లవారుజామున రెక్కల మసక మాత్రం కొంచెమే తగ్గింది. అది అనుకున్నదే, ఎందుకంటే ఎఫ్/5.6 మారలేదు, ఆ కాస్తా ఐఎస్ఓను ఇంకో మెట్టు పెంచి షట్టర్ వేగాన్ని 1000వ వంతుకు తేవడానికి ఆమె ఒప్పుకోవడం వల్ల తగ్గింది. ఐఎస్ఓ పెంచడం వల్ల సన్నని గింజల్లాంటి మచ్చలు వచ్చిన పదునైన ఫొటోను తర్వాత కొంత శుభ్రం చేయవచ్చు, కదిలిపోయిన ఫొటోకు అలాంటి మార్గం లేదు. ఎండ పూట గాలి మసక ఎప్పటిలాగే ఉంది.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఒక జింకల గుంపు ఊహించనంత దగ్గరికి వచ్చినప్పుడు తల తప్ప ఏమీ ఫ్రేమ్‌లో పట్టలేదు. అలాంటి సందర్భాలకు తేలికైన 70–300 ఒకటి వెంట ఉంచుకోవడం గురించి మాట్లాడుకున్నాం. వాహనంలో వెళ్లేటప్పుడు తీసుకెళ్తున్నారు, నడిచేటప్పుడు తీసుకెళ్లడం లేదు. ఆమె పాత ఫొటోల్లో 300 లోపు తీసినవి ఎంత తక్కువో ముందే చూసి ఉన్నాం కాబట్టి ఈ నష్టం తెలిసి ఒప్పుకున్నదే.

ఈ కేసు నుంచి నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరైనా నొప్పితో వస్తే లెన్స్ బరువు అడగడానికి ముందు నొప్పి ఏ కదలికలో వస్తుందో చూపించమంటున్నాను. ఎత్తేటప్పుడా, ఎత్తి పట్టుకున్నప్పుడా, తిప్పేటప్పుడా, నడిచేటప్పుడా? ఒక్కోదానికి మందు ఒక్కోటి. ఎత్తి పట్టుకున్నప్పుడైతే బరువు ఎంతన్నదానికన్నా ఎక్కడుందన్నది ముఖ్యం. నడిచేటప్పుడైతే లెన్స్ మార్చకుండా బెల్టు మార్చినా చాలు. తర్వాత, పారేసిన ఫొటోలు చూడకుండా ఎవరికీ ఏ లెన్సూ సూచించడం లేదు.

ఇదే కేసు ఈరోజు వస్తే అద్దంలేని కెమెరాల వల్ల ఎంపికలు ఎక్కువ. నికాన్ జెడ్ 400 మి.మీ. ఎఫ్/4.5 కాలర్‌తో 1,245 గ్రాములు, ద్వారం వ్యాసం 89 మి.మీ., అంటే ఆమె 500తో సమానం. 2023లో వచ్చిన 600 మి.మీ. ఎఫ్/6.3 పి.ఎఫ్. 1,470 గ్రాములు, వ్యాసం 95 మి.మీ.; అదే బరువులో ఎక్కువ పొడవు, ఎక్కువ వెలుతురు. ఎఫ్ సంఖ్య 6.3 అని చూసి దీన్ని చీకటి లెన్స్ అని కొట్టిపారేసేవాళ్లు వ్యాసాన్ని లెక్కించి చూడాలి. కెనాన్ ఆర్.ఎఫ్. 100–500 మి.మీ. జూమ్ కాలర్ లేకుండా 1,370 గ్రాములే, కానీ 500 దగ్గర ఎఫ్/7.1, వ్యాసం 70 మి.మీ.; పైగా అది తిప్పే జూమే, ఆమెకు పనికిరాదు. తిప్పుడుతో ఇబ్బంది లేనివారికి మాత్రం ఒకే లెన్స్‌తో నడిచి తిరగడానికి అది చాలా మంచి ఎంపిక. ఫోకస్ సరిచేసే తంతు, ఎఫ్/8 దగ్గర పాయింట్లు తగ్గిపోయే ఇబ్బంది ఈ కెమెరాల్లో దాదాపు లేనట్టే.

ఈ కేసు తర్వాత కొంతకాలానికి మరొకరు ఇంచుమించు ఇదే ప్రశ్నతో వచ్చారు. ఆయనకు నొప్పి భుజంలో. చెయ్యి భుజం ఎత్తుకు లేపి ఉంచితే వచ్చేది, రింగు తిప్పడంతో ఏ ఇబ్బందీ లేదు. ఆయన ఫొటోలన్నీ హైడ్‌ల నుంచి, పది పదిహేను మీటర్ల దూరంలో వాలే పక్షులవి. పొడవు ఎప్పుడూ సమస్య కాలేదు, దగ్గరికి జరగాల్సిన అవసరమూ లేదు. మొదటి కేసులో నేను గట్టిగా వద్దన్న 300 మి.మీ. ప్రైమ్‌నే, 1.4 రెట్ల టెలీకన్వర్టర్‌తో సహా, ఆయనకు సూచించాను. కిటికీ అంచు మీద పెట్టుకునే చిన్న ఇసుక సంచి ఒకటి దానికి తోడైంది, లెన్స్‌ను భుజం ఎత్తుకు లేపి పట్టుకోవాల్సిన పని చాలావరకు తప్పింది.